చంద్రుడి చుట్టూ తిరిగొచ్చిన టీవీ ఉపగ్రహం: ఏషియాశాట్ 3 గురించి మాట్లాడుకుందాం

కక్ష్య_కబుర్లు

1997 క్రిస్మస్ రోజు కజకిస్తాన్‌లోని బైకనూర్ నుంచి ప్రోటాన్ రాకెట్ ఒక టీవీ ఉపగ్రహాన్ని తీసుకుని లేచింది. పేరు ఏషియాశాట్ 3. హాంకాంగ్‌కు చెందిన ఏషియాశాట్ కంపెనీది. తయారు చేసింది అమెరికాలోని హ్యూస్. భూమధ్యరేఖకు పైన దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో, భూమితో సమానంగా తిరుగుతూ ఒకేచోట నిలిచినట్టు కనిపించే భూస్థిర కక్ష్యలో, 105.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర నిలబడి, వయసు మీరుతున్న ఏషియాశాట్ 1 పనిని అందుకోవాలి.

రాకెట్ నాలుగో దశ, బ్లాక్ డీఎం, మొదటిసారి సరిగ్గానే మండింది. కొన్ని గంటల తర్వాత, దూరపు బిందువు (కక్ష్యలో భూమికి అన్నిటికంటే దూరంగా ఉండే చోటు) దగ్గర రెండోసారి నిమిషానికి పైగా మండాలి. ఒక్క సెకనుకే ఆగిపోయింది. ఉపగ్రహం ఒక చివర 200 కిలోమీటర్లు, ఇంకో చివర 36 వేల కిలోమీటర్లు ఉన్న కోడిగుడ్డు కక్ష్యలో చిక్కుకుంది. పైగా ఆ కక్ష్య భూమధ్యరేఖకు 51 డిగ్రీలకు పైగా వాలి ఉంది. బీమా కంపెనీలు పూర్తి నష్టం కింద లెక్కగట్టి సుమారు 20 కోట్ల డాలర్లు చెల్లించాయి. కథ అక్కడితో అయిపోవాలి.

కానీ ఉపగ్రహానికి ఏమీ కాలేదు. చెడింది రాకెట్. ఉపగ్రహం సొంత ఇంజన్ బాగుంది, ట్యాంకు నిండుగా ఉంది. హ్యూస్ ఇంజనీర్లు 1998 ఏప్రిల్‌లో మొదలుపెట్టి, భూమికి దగ్గరగా వచ్చిన ప్రతిసారీ ఇంజన్ మండిస్తూ కక్ష్యను సాగదీస్తూ పోయారు. మే 13న అది చంద్రుడి ఉపరితలానికి 6,200 కిలోమీటర్ల దూరంలోంచి తిరిగి వెనక్కి వచ్చింది. జూన్‌లో ఇంకోసారి, ఈసారి చాలా దూరంగా, చంద్రుడి దగ్గరకు వెళ్లొచ్చింది. ఆ నెలలోనే రోజుకొకసారి భూమిని చుట్టే కక్ష్యలో కుదురుకుంది. చంద్రుడి దాకా వెళ్లిన మొట్టమొదటి వాణిజ్య వ్యోమనౌక అదే.

నా దృష్టిలో ఇది సమాచార ఉపగ్రహాల చరిత్రలో అన్నిటికంటే గొప్ప ఇంజనీరింగ్ పని. మన భాషలో దీని గురించి వివరంగా రాసింది నాకు కనపడలేదు, అందుకే ఈ చర్చ మొదలుపెట్టాను. తెలిసినవాళ్లు తెలిసింది రాయండి.

పాత_కేబుల్_ఆపరేటర్

105.5 అనే అంకె చూడగానే ప్రాణం లేచొచ్చింది తమ్ముడూ. తొంభైల మొదట్లో తెనాలి దగ్గర కేబుల్ నడిపాను. అప్పట్లో మాకు ఆకాశం అంటే ఏషియాశాట్ 1. స్టార్ వాళ్ల చానళ్లు దాన్నుంచే దిగేవి. 1992 అక్టోబరులో జీ టీవీ వచ్చింది కూడా దాని మీదే. మేడ మీద పెద్ద జల్లెడ డిష్ బిగించి, దిక్సూచి పట్టుకుని తూర్పు ఆగ్నేయానికి తిప్పుతూ ఉంటే, కింద టీవీ దగ్గర కూర్చున్నవాడు "వచ్చింది, వచ్చింది, ఆగు" అని కేకేసేవాడు. ఆ కేక వినపడేదాకా టెన్షనే.

అయితే మీరు రాయని సంగతి ఒకటుంది. ఆ ఏషియాశాట్ 1 కూడా ఒకసారి "పోయింది" అనిపించుకున్నదే. దాని అసలు పేరు వెస్టార్ 6. 1984 ఫిబ్రవరిలో చాలెంజర్ షటిల్ దాన్ని వదిలింది. పైకి నెట్టాల్సిన మోటారు చెడిపోయి కింది కక్ష్యలోనే ఉండిపోయింది. దాంతోపాటు వదిలిన ఇండొనేసియా ఉపగ్రహం పలాపా బి2కీ అదే గతి పట్టింది. ఆ ఏడాది నవంబరులోనే డిస్కవరీ షటిల్ వెళ్లి రెండింటినీ పట్టుకుని కిందికి తెచ్చింది. జో అలెన్, డేల్ గార్డ్‌నర్ అనే ఇద్దరు వ్యోమగాములు బయటికి వెళ్లి చేతులతో పట్టుకున్నారు. పని అయ్యాక "అమ్మకానికి" అని రాసిన అట్ట పట్టుకుని ఫొటో దిగారు. హ్యూస్ వాళ్లు వెస్టార్‌ను బాగుచేస్తే ఏషియాశాట్ కొనుక్కుంది. 1990 ఏప్రిల్ 7న చైనాలోని షిచాంగ్ నుంచి లాంగ్ మార్చ్ 3 మీద మళ్లీ ఎగిరింది.

మన ఊళ్ల మేడల మీది డిష్‌లు అన్నేళ్లు చూసింది అంతరిక్షం నుంచి వెనక్కి తెచ్చి మళ్లీ పంపిన ఉపగ్రహాన్ని. మాకు ఆరోజుల్లో ఈ సంగతి తెలియదు. తెలిసుంటే ఇంకా శ్రద్ధగా చూసేవాళ్లం.

కక్ష్య_కబుర్లు

అన్నా, ఇది చాలా విలువైన మాట. అంటే పోయిందనుకున్న ఉపగ్రహంతో మొదలైన కంపెనీ, దాని వారసుణ్ణి పంపితే అదీ అలాగే చిక్కుకుంది. రెండుసార్లూ కాపాడే పనిలో హ్యూస్ ఉంది.

నిక్కచ్చి

అందరూ పొగుడుతున్నారు కాబట్టి రెండో వైపు నేను చెబుతాను. ఈ ఉపగ్రహాన్ని కాపాడారు అనే మాట నేను ఒప్పుకోను. ఎవరి కోసం తయారైందో వాళ్లకు, అంటే ఆసియా ప్రేక్షకులకు, అది ఒక్కరోజు కూడా పనికి రాలేదు. భూస్థిర కక్ష్య అన్నారు గానీ పూర్తి భూస్థిరం కాదు, కొన్ని డిగ్రీల వాలు మిగిలిపోయింది. పైగా సౌర పలకలు విప్పమని ఆదేశమిస్తే రెండింటిలో ఒకటే విచ్చుకుంది. అంటే కరెంటు సగం. 1999లో పాన్‌ఆమ్‌శాట్ అనే ఉపగ్రహాల కంపెనీ కొని పీఏఎస్-22 అని పేరు పెట్టుకుంది, 2002లో విరమింపజేసి పైకి నెట్టేసింది. 15 ఏళ్లు పని చేయాల్సింది నాలుగేళ్లు చేసింది.

విన్యాసం గొప్పదే. కానీ సమాచార ఉపగ్రహం పని విన్యాసం చేయడం కాదు, ఒకేచోట కదలకుండా ఉండి సిగ్నల్ ఇవ్వడం.

లెక్కల_టీచర్

నిక్కచ్చి గారూ, మీ మాటకు జవాబు చెప్పాలంటే ముందు వాళ్ల ముందున్న ఇబ్బంది ఎంతో అంకెల్లో చూడాలి. ఇంటర్ ఫిజిక్స్ చాలు.

దూరపు బిందువు దగ్గర ఉపగ్రహం వేగం సెకనుకు 1.6 కిలోమీటర్లు. భూస్థిర కక్ష్యలో ఉండాల్సిన వేగం 3.07. వేగం పెంచితే సరిపోదు, దిశను కూడా 51.6 డిగ్రీలు తిప్పాలి. ఈ రెండు వేగాల మధ్య వెక్టర్ తేడా తీస్తే 2.4 కిలోమీటర్లు వస్తుంది. ఇలాంటి ఉపగ్రహాల ఇంజన్లతో అంత మార్పు రావాలంటే మొత్తం బరువులో సగానికి మించి ఇంధనంగా కాలిపోవాలి. ఏషియాశాట్ 3 బరువు దాదాపు మూడున్నర టన్నులు. అంత ఇంధనం అందులో లేదు. కాబట్టి నేరుగా వెళ్లే దారి మూసుకుపోయింది. బీమా వాళ్లు పూర్తి నష్టం అన్నది అందుకే, అందులో తొందరపాటు లేదు.

ఇప్పుడు చంద్రుడి దారి చూడండి. భూమికి దగ్గరి బిందువులో వేగం సెకనుకు 10 కిలోమీటర్లు దాటి ఉంటుంది. అక్కడ సుమారు 0.7 చేరిస్తే కక్ష్య చంద్రుడి దాకా సాగుతుంది. అంత దూరం వెళ్లాక ఉపగ్రహం చాలా నెమ్మదిగా కదులుతుంది, కాబట్టి దాని దిశను మార్చడం తేలిక. ఆ పని చంద్రుడి ఆకర్షణ చేసిపెడుతుంది. కక్ష్య వాలు తగ్గుతుంది, భూమికి దగ్గరి బిందువు 200 కిలోమీటర్ల నుంచి వేల కిలోమీటర్ల పైకి లేస్తుంది. మన ట్యాంకులోంచి చుక్క ఖర్చు కాదు. తిరిగి వచ్చాక భూస్థిర ఎత్తు దగ్గర వేగం సుమారు 1.05 తగ్గించుకోవాలి. మొత్తం 1.75. సగానికి లోపు ఇంధనంతో పని అయిపోతుంది.

2.4కూ 1.75కూ మధ్య ఉన్న ఆ తేడాయే మొత్తం కథ. వాలు ఎంత తగ్గితే అంత మేలు కాబట్టి రెండోసారి కూడా పంపారు.

సూళ్లూరుపేట_స్టూడెంట్

టీచర్ గారూ, నమస్కారం. ఒక సందేహం. అసలు 51.6 డిగ్రీల వాలు ఎందుకు వచ్చింది? మా షార్ (శ్రీహరికోట) నుంచి వెళ్లేవాటికి ఇంత ఉండదు కదా?

లెక్కల_టీచర్

బైకనూర్ ఉన్నదే దాదాపు 46 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. ప్రయోగించిన చోటు అక్షాంశం కంటే తక్కువ వాలు నేరుగా రాదు. పైగా అక్కడి నుంచి తిన్నగా తూర్పుకు పంపితే రాకెట్ ముక్కలు చైనా మీద పడతాయి, కాబట్టి కొంచెం ఈశాన్యానికి తిప్పి పంపుతారు. అలా 51.6 అవుతుంది. ఆ వాలును తీసేయడానికే ప్రోటాన్‌కు నాలుగో దశ ఉంది. సరిగ్గా ఆ పని చేయాల్సిన ఘడియలోనే అది ఆగిపోయింది. శ్రీహరికోట 13.7 డిగ్రీల దగ్గర, ఫ్రెంచ్ గయానాలోని కూరూ 5 డిగ్రీల దగ్గర ఉన్నాయి. ఆ చోట్ల విలువ అది.

బీమా_బాబాయ్

పూర్తి నష్టం గురించి నాలుగు మాటలు. నేను ఉపగ్రహాల బీమా చేయలేదు, రవాణా బీమాలో పనిచేసి రిటైరయ్యాను. సూత్రం ఒకటే. లారీ లోయలో పడితే బాగుచేయించే ఖర్చు దాని విలువను మించుతుందని తేలాక కంపెనీ పూర్తి సొమ్ము ఇచ్చేస్తుంది. ఆ క్షణం నుంచి ఆ లారీ కంపెనీది. తుక్కుకు అమ్ముకుంటుందో, ఎవరైనా బాగుచేసి నడుపుకుంటారో దాని ఇష్టం.

ఇక్కడా అదే జరిగింది. సొమ్ము చెల్లించాక ఉపగ్రహం బీమా కంపెనీల చేతికి వచ్చింది. హ్యూస్ వాళ్లు ముందుకొచ్చి, మేం ప్రయత్నిస్తాం, ఏమైనా లాభం వస్తే పంచుకుందాం అని ఒప్పందం చేసుకున్నారు. పేరు కూడా హెచ్‌జీఎస్-1 అని మారింది. వెస్టార్, పలాపాలను కిందికి తెప్పించడానికి నాసాకు డబ్బు కట్టింది కూడా బీమా వాళ్లే.

నిక్కచ్చి గారు అన్న ఆసియా ప్రేక్షకుల సంగతి. ఏషియాశాట్‌కు బీమా సొమ్ము అందింది, వాళ్లు అదే రకం ఇంకో ఉపగ్రహం తయారు చేయించుకున్నారు. ఏషియాశాట్ 3ఎస్. 1999 మార్చి 21న ప్రోటాన్ మీదే వెళ్లి 105.5లో నిలబడింది. ప్రేక్షకులు నష్టపోయింది పదిహేను నెలల ఆలస్యం మాత్రమే. కాబట్టి హెచ్‌జీఎస్-1ను ఏషియాశాట్ 3తో పోల్చకూడదు. సున్నాతో పోల్చాలి. బీమా లెక్కలో దాని విలువ సున్నా. ఆ సున్నాలోంచి నాలుగేళ్ల పని రాబట్టారు.

నిక్కచ్చి

బాబాయ్ గారూ, బీమా కంపెనీల వైపు నుంచి మీరు చెప్పింది ఒప్పుకుంటాను. నా అభ్యంతరం కక్ష్య దగ్గరే. వాలు మిగిలిన ఉపగ్రహం రోజంతా ఉత్తర దక్షిణాలుగా ఊగుతూ ఉంటుంది. తెనాలిలో మేడ మీద బిగించిన డిష్ దాన్ని వెంబడించలేదు. కొనేవాడు ఎవడు?

పాత_కేబుల్_ఆపరేటర్

ఇళ్లకూ కేబుల్‌కూ పనికిరాదు, నిజమే. కానీ ఓడల మీద ఉండే యాంటెన్నాలు ఎలాగూ తిరుగుతూనే ఉంటాయి. ఓడ కదులుతుంది, అలకు ఊగుతుంది, దాంతో పోలిస్తే ఉపగ్రహం ఊగడం ఎంత? పెద్ద భూకేంద్రాల్లోనూ ఉపగ్రహం వెంట తిరిగే డిష్‌లు ఉంటాయి. వాలు కక్ష్యలోకి జారిన ముసలి ఉపగ్రహాలను అలాంటివాళ్లకు తక్కువ ధరకు అద్దెకివ్వడం ఈ వ్యాపారంలో మామూలే. ఉత్తర దక్షిణాల ఊగిసలాటను సరిచేయడానికే ఎక్కువ ఇంధనం పోతుంది కాబట్టి, వయసు మీరాక ఆ సవరణ మానేసి కొన్నేళ్లు ఎక్కువ నడుపుతారు.

పేటెంట్_పరిశోధన

డాలస్ నుంచి రాస్తున్నాను. ఈ కథలో నన్ను బాధపెట్టే భాగం వేరే ఉంది.

చంద్రుడి సాయం తీసుకోవచ్చని హ్యూస్‌కు మొదట సూచించింది బయటివాళ్లు: గణిత శాస్త్రవేత్త ఎడ్వర్డ్ బెల్‌బ్రూనో, మైక్రోకాజమ్ సంస్థలో ఉన్న రెక్స్ రిడెనూర్. 1991లో జపాన్ వాళ్ల హితెన్ నౌకను తక్కువ ఇంధనంతో చంద్రుడి దగ్గరకు చేర్చే దారి చూపించింది కూడా బెల్‌బ్రూనోయే. ఆయన ఇష్టపడే దారి చంద్రుణ్ణి దాటి చాలా దూరం పోయి, సూర్యుడి ఆకర్షణను కూడా వాడుకుని నెలల తరబడి తిరిగి వస్తుంది. హ్యూస్‌లో జెర్రీ సాల్వటోర్, సీజర్ ఒకాంపో దాన్ని పక్కన పెట్టి, అపొలో నౌకలు వాడిన తరహాలో చంద్రుణ్ణి చుట్టి నేరుగా భూమికి తిరిగొచ్చే దారి ఎంచుకున్నారు. అమలు చేసి చూపించింది వాళ్లు. ఇద్దరికీ పేరు దక్కాల్సిందే.

బాధ ఎక్కడంటే, హ్యూస్ ఈ పద్ధతి మీద అమెరికాలో పేటెంటు తీసుకుంది. హ్యూస్ ఉపగ్రహాల వ్యాపారాన్ని బోయింగ్ కొన్నప్పుడు పేటెంటు కూడా అక్కడికే పోయింది. 2008 మార్చిలో ఎస్‌ఈఎస్ అనే కంపెనీ వారి ఏఎంసీ-14 ఉపగ్రహం అచ్చం ఇలాగే చిక్కుకుంది. మళ్లీ బైకనూర్, మళ్లీ ప్రోటాన్, మళ్లీ పై దశ ముందే ఆగిపోవడం. చంద్రుడి దారిలో కాపాడాలనే ఆలోచన వచ్చింది. పేటెంటు చిక్కు వల్ల ఆ ప్రయత్నం ఆగిందని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. చివరికి దాన్నీ పూర్తి నష్టం కింద తేల్చారు. తర్వాత అమెరికా రక్షణ శాఖ కొనుక్కుంది.

చంద్రుడి ఆకర్షణ మీద ఎవరికైనా హక్కు ఉంటుందా? లెక్కల పుస్తకంలో ఉన్న దారికి కాపలా పెట్టడం నాకు మింగుడుపడదు.

బీమా_బాబాయ్

నాకూ మింగుడుపడదు. కానీ ఒక్క పేటెంటే అడ్డం అయ్యుండదు. ఉపగ్రహాన్ని కాపాడాక వచ్చేది తక్కువ ఆయుష్షు, తక్కువ ఆదాయం. పూర్తి నష్టం అని రాసేస్తే చేతికొచ్చేది పూర్తి సొమ్ము. ఈ రెండిట్లో యజమాని దేన్ని కోరుకుంటాడు? 1998లో ప్రయత్నం జరిగిందంటే, అప్పటికే సొమ్ము చెల్లింపు అయిపోయి ఉపగ్రహం చేతులు మారింది కాబట్టే. కాపాడాలనే కోరిక ఉన్నవాడి చేతికి వెళ్లింది.

పేటెంట్_పరిశోధన

ఇది నేను ఆలోచించని కోణం బాబాయ్ గారూ. అయినా కొత్త పద్ధతి కనిపెట్టినవాడు దాన్ని ఇంకొకరు వాడకుండా ఆపగలిగే ఏర్పాటు, అదీ ప్రమాదంలో ఉన్న ఉపగ్రహం విషయంలో, మారాలనే నా అభిప్రాయం.

సూళ్లూరుపేట_స్టూడెంట్

మన ఉపగ్రహాల గురించి కూడా అడగాలని ఉంది. 2001లో మన మొదటి జీఎస్‌ఎల్‌వీ రాకెట్ మీద వెళ్లిన జీశాట్-1 అనుకున్న కక్ష్యకు కొంచెం తక్కువలో పడిందనీ, సొంత ఇంధనంతో పైకి వెళ్లే ప్రయత్నంలో భూస్థిర కక్ష్య అందుకోకముందే ట్యాంకు ఖాళీ అయిందనీ చదివాను. 2025 జనవరి 29న మా ఊరి నుంచే చూశాను, ఎన్‌వీఎస్-02 వెళ్లింది. అది సమాచార ఉపగ్రహం కాదు, నావిగేషన్‌ది. రాకెట్ పని బ్రహ్మాండంగా జరిగింది. కానీ ఉపగ్రహం ఇంజన్‌కు ఆక్సిడైజర్ (ఇంధనం మండడానికి కావాల్సిన పదార్థం) అందించే వాల్వు తెరుచుకోలేదు, కోడిగుడ్డు కక్ష్యలోనే ఉండిపోయింది. దాన్ని కూడా చంద్రుడి దారిలో పంపొచ్చు కదా?

కక్ష్య_కబుర్లు

తమ్ముడూ, అదే తేడా. ఏషియాశాట్ 3లో చెడింది రాకెట్, ఉపగ్రహం ఇంజన్ క్షేమం. ఎన్‌వీఎస్-02లో తలకిందులు. పెద్ద ఇంజన్ మండకపోతే చంద్రుడి దాకా సాగదీయడానికి కావాల్సిన 0.7 ఎక్కడి నుంచి వస్తుంది?

పెద్ద ఇంజన్ మీదే పూర్తిగా ఆధారపడకుండా బయటపడ్డవి మాత్రం ఉన్నాయి. అమెరికా సైన్యం ఉపగ్రహం ఏఈహెచ్‌ఎఫ్-1 ప్రధాన ఇంజన్ 2010లో పనిచేయలేదు. చిన్న థ్రస్టర్లతో (బుల్లి ఇంజన్లతో), విద్యుత్ థ్రస్టర్లతో మెల్లమెల్లగా నెట్టుకుంటూ 2011 అక్టోబరుకు భూస్థిర కక్ష్య చేర్చారు. అంతకుముందు యూరప్ వాళ్ల ఆర్టెమిస్ 2001 జులైలో ఆరియాన్ 5 పొరపాటు వల్ల కిందే ఉండిపోయింది. ముందు సొంత ఇంజన్‌తో కొంత పైకి లేపి, మిగతా దూరం విద్యుత్తుతో పనిచేసే అయాన్ ఇంజన్లతో నడిపించి 2003 జనవరి చివరికి చోటుకు చేర్చారు. అయాన్ ఇంజన్ తోపు కాగితం బరువుకు సరిపోయేంతే, కానీ నెలల తరబడి తోస్తూనే ఉంటుంది. ఈ మూడు కథల్లోనూ నాకు కనిపించేది ఒకటే. లోపల ఏ రకమైన ఇంధనమైనా మిగిలి, దాన్ని వాడే దారి ఒక్కటైనా తెరిచి ఉంటే ఇంజనీర్లు వదిలిపెట్టలేదు.

నిక్కచ్చి

ఆర్టెమిస్ ఉదాహరణ నాకు నచ్చింది. అది అనుకున్న చోటుకే చేరి, అనుకున్న పనే చేసింది. కాపాడటం అని నేను అనేది దాన్ని.

సూళ్లూరుపేట_స్టూడెంట్

టీచర్ గారూ, మీరు చెప్పిన వెక్టర్ లెక్క నేనూ వేశాను. జీఎస్‌ఎల్‌వీ వదిలే కక్ష్య వాలు సుమారు 20 డిగ్రీలని తీసుకుంటే 1.66 వచ్చింది. అంటే చంద్రుడి దారికి మీరు చెప్పిన 1.75 కంటే తక్కువ. మన ఉపగ్రహాలకు చంద్రుడి దారి దండగేనా? ఎన్ని డిగ్రీల నుంచి లాభం మొదలవుతుంది?

లెక్కల_టీచర్

సరిగ్గా వేశావు నాన్నా. 20 డిగ్రీలకు నేరుగా వెళ్లడమే చవక. రెండు దారులూ సమానమయ్యేది ఎక్కడో నువ్వే తీయొచ్చు. కొసైన్ సూత్రంలో జవాబు 1.75 అని పెట్టి కోణం కనుక్కో, 24, 25 డిగ్రీల మధ్య వస్తుంది. అయితే నేను చంద్రుడి దారిలో మధ్యలో చేసే సవరణలకు ఇంధనం లెక్కపెట్టలేదు, వాలు మొత్తం పోతుందని కూడా అనుకున్నాను. అవి కూడా కలిపితే 30 దగ్గర పెట్టుకోవడం క్షేమం. అమెరికాలోని కేప్ కెనావరల్ 28.5 డిగ్రీల మీద ఉంది. దానికి కూడా లెక్క వేసి రేపు ఇక్కడ పెట్టు, చూద్దాం.